ఆరో మెట్టు దగ్గర తప్పిన పాట: మౌంటెన్ డల్సిమర్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక అపస్వరంతో మొదలవుతుంది. వాయించింది నేనే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆన్‌సైట్ పని మీద కొన్నాళ్లు అమెరికాలో, నార్త్ కరోలినాలో ఉన్నాను. ఓ వీకెండ్ కొండల వైపు వెళ్తే, పాత సామాన్ల షాపులో చిన్న చెక్క వాయిద్యం ఒకటి కనిపించింది. సన్నటి నడుము, మూడు తీగలు, మధ్యలో పొడవుగా మెట్లు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని మీటాలి. పేరు మౌంటెన్ డల్సిమర్. సంతూర్‌లా చిన్న సుత్తులతో కొట్టే డల్సిమర్ ఇంకోటి ఉంది, అది వేరు. ఇది అపలాచియన్ కొండలది.

రూమ్‌కి తెచ్చి, వీడియో చూస్తూ డీ-ఏ-డీ అని శ్రుతి చేసి, ‘సోల్జర్స్ జాయ్’ అనే పాత ఫిడేలు ట్యూన్ మొదలుపెట్టా. అంతా బానే ఉంది, ఆరో మెట్టు దగ్గరకి రాగానే పాట చెడిపోతోంది. పదిసార్లు వాయించినా అదే. తీరా చూస్తే వీడియోలో ఆయన డల్సిమర్‌కి ఆరుకీ ఏడుకీ మధ్య ఓ అదనపు మెట్టు ఉంది. నాదానికి లేదు. డిఫెక్టివ్ పీస్ అంటగట్టారు అనుకున్నా. రిపేర్లు చేసే ఒకాయన్ని అడిగితే, కోసి కొత్త మెట్టు వేస్తానన్నాడు. సరే అనేశా.

ఆ రాత్రి పెద్దమ్మకి వీడియో కాల్ చేశా. ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. "మెట్లన్నీ వరసగా మీటు నాన్నా" అంది. మీటాను. "ఒరేయ్, అది హరికాంభోజి. నీ పాటేమో శంకరాభరణం అడుగుతోంది. తేడా నిషాదం ఒక్కటే."

అసలు విషయం అక్కడుంది. వీణకి 24 మెట్లు, అంటే స్థాయికి పన్నెండు. ఏ రాగమైనా పలికించొచ్చు. డల్సిమర్‌కి స్థాయికి ఏడే మెట్లు. ఏ స్వరాలు ఉండాలో, ఏవి అక్కర్లేదో తయారుచేసినవాళ్లే ముందుగా తేల్చేశారు. మరి ఎవరు తేల్చారు? దానికోసం జర్మనీ వెళ్లాలి.

1619లో మైకేల్ ప్రెటోరియస్ అనే జర్మన్ సంగీతకారుడు తన పుస్తకంలో ‘షైట్‌హోల్ట్’ అనే వాయిద్యం గురించి రాశాడు. ఆ పేరుకి అర్థం చీల్చిన కట్టె లాంటిది. సన్నటి పొడవాటి పెట్టె, కొన్ని తీగలు, అంతే. పండితుల సభల్లో దీనికి చోటు లేదు, పేదవాళ్ల వాయిద్యాల్లోనే లెక్క. 18వ శతాబ్దంలో జర్మన్ వలసదారులతో పాటు ఇది పెన్సిల్వేనియా చేరింది. అక్కడి నుంచి గ్రేట్ వాగన్ రోడ్ అనే బండ్ల బాట వర్జీనియా కొండల వైపు దిగుతుంది. అదే బాటలో స్కాట్లాండ్, ఐర్లాండ్ మూలాలున్న కుటుంబాలూ దిగాయి, వాళ్ల ఫిడేలు ట్యూన్లతో సహా. ఫిడేలు అంటే వేరే ఏదో కాదు, మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో ఉన్న వయొలినే.

కొండల్లో ఈ రెండూ కలిశాయి. 19వ శతాబ్దంలో ఎవరో జర్మన్ పెట్టెకి పొట్ట పెంచారు, మెట్ల పలకని ఎత్తుగా మధ్యలోకి తెచ్చారు. డల్సిమర్ పుట్టింది. కెంటకీలోని నాట్ కౌంటీలో జేమ్స్ ఎడ్వర్డ్ థామస్ అనే ఆయన 1871 నుంచి ఇవి తయారుచేస్తూ, జీవితంలో సుమారు 1,500 చేశాడు.

వాయించే పద్ధతి సింపుల్. ఎడమ చేత్తో చిన్న కర్రపుల్లని ఒక తీగ మీద జరుపుతారు, పాట అందులో పలుకుతుంది. కుడి చేత్తో పక్షి ఈకతో అన్ని తీగలూ మీటుతారు. మిగతా తీగలు ఒకే స్వరం మోగుతూ ఉంటాయి, మన తంబూరా శ్రుతిలాగ. ఫిడేలుకి మెట్లు లేవు, కమాను ఉంది, ఎంత జారుడైనా, ఎంత స్పీడైనా కుదురుతుంది. డల్సిమర్‌లో అవన్నీ రావు. అందుకే ట్యూన్‌లో కొన్ని స్వరాలు వదిలేసి, అసలు నడక మాత్రం ఉంచుకుంటారు. ఈక దెబ్బే తాళం.

ఇంకో సంగతి. కొన్ని భక్తిగల ఇళ్లల్లో ఫిడేలుని దెయ్యం పెట్టె అనేవారు. డాన్సులు, మందు, రాత్రి తిరుగుళ్లు అన్నీ దాని ఖాతాలోనే. డల్సిమర్ గొంతు చిన్నది, ఇంట్లో కూర్చుని వాయించుకునేది, కాబట్టి అంత పేచీ లేదు. అయినా అన్నిచోట్లా అది మెత్తగానే ఉండిపోలేదు. వర్జీనియాలోని గేలాక్స్ ప్రాంతంలో మెల్టన్, రస్సెల్ లాంటి కుటుంబాలు నాలుగు తీగలూ ఒకే స్వరానికి బిగించి, ఫిడేలు పక్కన కూర్చుని అదే స్పీడుతో వాయించేవి. అక్కడ 1935 నుంచి ఫిడేలు పోటీలు జరుగుతున్నాయి.

1916 నుంచి 1918 వరకు సెసిల్ షార్ప్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ కొండలన్నీ తిరిగి పాటలు రాసుకున్నాడు. ఇంగ్లండ్ పాత పాటలు ఇక్కడ కల్తీ లేకుండా దాక్కున్నాయని ఆయన నమ్మకం. నల్లజాతి గాయకుల్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఆ కొండల ఫిడేలు లయలో నల్లజాతి ఫిడేలు కళాకారుల చెయ్యి ఉంది, పక్కనే మోగే బాంజో మూలం ఆఫ్రికాది, ఒళ్లో ఉన్న డల్సిమర్ మూలం జర్మనీది. ఇందులో కల్తీ లేనిది ఏది చెప్పండి? "ఇదే మా అసలు సిసలు" అని ఎవరన్నా అంటే నాకు ఈ పెట్టె గుర్తొస్తుంది.

దీన్ని నగరాలకి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యురాలు జీన్ రిచీ. 1922లో కెంటకీలోని వైపర్ అనే ఊళ్లో పుట్టింది, పద్నాలుగు మంది పిల్లల్లో ఆఖరిది. నాన్న డల్సిమర్‌ని పిల్లలు ముట్టుకోకూడదు. ఆమె దొంగతనంగా వాయించి నేర్చుకుంది. తర్వాత న్యూయార్క్ వెళ్లి పాడింది, 1963లో డల్సిమర్ మీద పుస్తకం రాసింది. ఆ 60లు, 70లలో కొత్తగా నేర్చుకున్న కుర్రకారు వేసుకున్నదే ఆ అదనపు మెట్టు. దాని పేరే ఆరున్నర.

మరి అంతకుముందు వాళ్లు శంకరాభరణం లాంటి ట్యూన్లు వాయించలేదా? భేషుగ్గా వాయించారు. ఎలాగో పెద్దమ్మే చెప్పింది. "మెట్టు కోయించకురా. మధ్యమాన్ని షడ్జం చేసుకో. గ్రహభేదం. హరికాంభోజి మధ్యమం నుంచి ఎత్తుకుంటే శంకరాభరణమే కదా."

బిరడ తిప్పి, పాట తీగని డీ నుంచి కిందికి, ఏకి దించా. ఇప్పుడు మూడో మెట్టు డీ అయింది. అక్కడి నుంచి ఎత్తుకున్నా. ‘సోల్జర్స్ జాయ్’ మొత్తం తప్పు లేకుండా వచ్చింది. పాతవాళ్లు చేసిందీ ఇదే. ట్యూన్ మారితే బిరడ తిప్పేవారు. ‘ఓల్డ్ జో క్లార్క్’ లాంటి ట్యూన్ అయితే హరికాంభోజి వరసే, అదనపు మెట్టుతో పనే లేదు.

ఆరున్నర మెట్టు తప్పని నేననట్లేదు. పెట్టెకి పొట్ట పెంచినవాళ్లు మార్చారు, వీళ్లూ మార్చారు. మార్చే ముందు ఆ వాయిద్యం ఏంటో వాళ్లకి తెలుసు. నాకు తెలీదు. నూరేళ్లుగా జనం వాయించుకున్న లెక్కని ఒక్క సాయంత్రంలో డిఫెక్ట్ అనేసి, కోతకి ఇవ్వబోయా. మర్నాడు రిపేర్ ఆయనకి ఫోన్ చేసి వద్దన్నాను.

మీ ఇంట్లోనూ మూల పడేసిన హార్మోనియమో, వీణో ఉంటే, పాడైపోయింది అనేముందు దాన్ని వాయించిన పెద్దవాళ్లకి ఒకసారి చూపించండి. వాళ్లేమన్నారో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.