స్వయంచాలక యీల్డింగ్

సహకార థ్రెడింగ్‌లో నడుస్తున్న పనిని షెడ్యూలర్ బలవంతంగా ఆపదు. ఆ పనే మధ్యమధ్య ప్రాసెసర్‌ను వదిలి మిగతావాటికి అవకాశమివ్వాలి. దీన్నే యీల్డింగ్ అంటారు. ప్రోగ్రామర్ ప్రత్యేకంగా రాయకపోయినా కంపైలర్, రన్‌టైమ్ లేదా లైబ్రరీ ఆ పని చేయిస్తే అది స్వయంచాలక యీల్డింగ్. వెనుక భారీ పని సాగుతున్నా తెర మీద బటన్ నొక్కగానే స్పందన అందేలా చూడటం దీని ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి.

తొలి దశ

మధ్యలో ఆగి, ఆగిన చోటి నుంచే కొనసాగే కోరొటీన్‌లకు మెల్విన్ కాన్వే 1958లో ఆ పేరు పెట్టాడు. 1963లో వాటిపై వ్యాసం ప్రచురించాడు. యాపిల్ మల్టీఫైండర్ (1987), విండోస్ 3.0 (1990) ఈ సహకార పద్ధతిలోనే పలు ప్రోగ్రాములను నడిపాయి. విండోస్‌లో ఒక ప్రోగ్రాము తదుపరి సందేశం కోసం అడిగినప్పుడే మరోదానికి వంతు వచ్చేది. అడగకుండా సుదీర్ఘమైన లెక్కలో మునిగితే తెరంతా స్తంభించేది. విజువల్ బేసిక్‌లో దీనికి విరుగుడు ‘డూఈవెంట్స్’. దాన్ని లూపులో ఎక్కడ పెట్టాలో ప్రోగ్రామరే తేల్చుకోవాలి. పైగా ఆ విరామంలో వినియోగదారుడు అదే బటన్‌ను మళ్లీ నొక్కితే సగంలో ఉన్న పని రెండోసారి మొదలయ్యే ప్రమాదం ఉండేది.

రన్‌టైమ్ చేతికి

ఎరిక్‌సన్ సంస్థలో పుట్టిన ఎర్లాంగ్ భాష ఈ బాధ్యతను రన్‌టైమ్‌కు అప్పగించింది. ప్రతి ప్రాసెస్‌కూ కొన్ని వేల ‘రిడక్షన్ల’ కోటా ఉంటుంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా అది తరుగుతూ, పూర్తికాగానే వంతు మారుతుంది. ఎర్లాంగ్‌లో లూపుల పనిని కూడా ఫంక్షన్ పిలుపులే చేస్తాయి కాబట్టి ఈ లెక్క నుంచి తప్పించుకోవడం కష్టం. గో భాష 1.2 (2013) సైతం పనిని ఫంక్షన్ ప్రవేశం దగ్గరే ఆపేది. ఫంక్షన్ పిలుపు లేని లూపు మాత్రం ఆగేది కాదు. అందుకే గో 1.14 (2020) సిగ్నళ్లతో బలవంతంగా ఆపే పద్ధతికి మారింది. అదే ఏడాది రస్ట్‌లోని టోకియో లైబ్రరీ ఒక్కో టాస్క్‌కు 128 ఆపరేషన్ల బడ్జెట్ పెట్టింది.

బ్రౌజర్లలో

వెబ్‌పేజీ స్క్రిప్టు, క్లిక్కులకు స్పందన, తెరను గీయడం ప్రధానంగా ఒకే థ్రెడ్‌పై సాగుతాయి. 50 మిల్లీసెకన్లు దాటిన పనిని ‘దీర్ఘ కార్యం’గా లెక్కిస్తారు. తెరలను నిర్మించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ 18 (2022) అత్యవసరం కాని రెండరింగ్‌ను సుమారు 5 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి, మధ్యలో బ్రౌజర్‌కు వంతు ఇస్తుంది.

పరిమితి

లెక్క తరిగే చోటు తగలనంత వరకు స్వయంచాలక యీల్డింగ్ పనిచేయదు. ఎర్లాంగ్ నుంచి పిలిచిన సీ కోడ్, టోకియోలో ‘అవెయిట్’ (ఫలితం కోసం వేచే చోటు) లేని లూపు, రియాక్ట్‌లో ఒకే భారీ కాంపొనెంట్ దీని పరిధిలోకి రావు. అలాంటి పనిని ప్రోగ్రామరే ముక్కలు చేయాలి, లేదా వేరే థ్రెడ్‌కు పంపాలి. క్రోమ్ 2024లో ‘షెడ్యూలర్.యీల్డ్’ను చేర్చింది ఇలా స్వయంగా ముక్కలు చేసుకునేవారి కోసమే.