సైలెంట్ వ్యాలీ ఉద్యమం

కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో కుంతిపుళ నదిపై తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టును ఆపించడానికి 1970ల ద్వితీయార్ధంలో మొదలై 1983 దాకా సాగిన ప్రజా ఉద్యమం. అడవిని కాపాడమని అడిగినవాళ్లు కరెంటు లెక్కలు కూడా తామే వేసి చూపించడం దీని ప్రత్యేకత. భారతదేశంలో పర్యావరణ కారణాలతో ఒక పెద్ద ఆనకట్టను వదులుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి.

నీలగిరుల నైరుతి అంచున, నాలుగు వైపులా కొండలు కాపు కాసిన లోయ ఇది. స్థానికంగా సైరంధ్రి వనమని పేరు. అజ్ఞాతవాసంలో ద్రౌపది పెట్టుకున్న పేరు అడవికి, అత్తగారి పేరు నదికి దక్కాయి. 1847లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ ఇక్కడి మొక్కలను పరిశీలించాడు. 1914లో ఈ అడవిని రిజర్వు ఫారెస్టుగా ప్రకటించారు. లోయలోంచి వచ్చే నది సైరంధ్రి దగ్గర ఇరుకు సందులోంచి కిందికి దూకుతుంది. విద్యుదుత్పత్తికి ఇంతకంటే మంచి చోటు దొరకదని 1928లోనే గుర్తించారు. ప్రణాళికా సంఘం 1973లో ప్రాజెక్టుకు ఆమోదం తెలిపింది. 131 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టాలి, మొదటి దశలో 120 మెగావాట్ల విద్యుత్తు తియ్యాలి, సుమారు 10,000 హెక్టార్లకు నీళ్లివ్వాలి. ఇదీ ప్రణాళిక. ముంపుకు పోయేది సుమారు 830 హెక్టార్లే, మొత్తం లోయలో పదో వంతు కూడా కాదు కదా అని విద్యుత్ బోర్డు వాదించేది.

ఆ పదో వంతు లోయ అడుగున, నది ఒడ్డున ఉన్న దట్టమైన సతత హరితారణ్యం. అక్కడ బతికే సింహపు తోక కోతి చెట్ల పైకొమ్మల మీదుగానే తిరుగుతుంది, నేలకు దిగడం అరుదు. అడవి నడుమ జలాశయమో రోడ్డో వస్తే మంద రెండుగా చీలిపోతుంది. 1970ల తొలి ఏళ్లలో స్టీవెన్ గ్రీన్ ఈ కోతులపై పరిశోధన చేశాడు. పాముల కోసం వచ్చిన రోములస్ విటేకర్ కూడా ఈ అడవి గురించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి రాశాడు. 1978లో అష్ఖాబాద్‌లో సమావేశమైన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ కోతుల ఆవాసాన్ని కాపాడమని తీర్మానించింది. ఇక్కడిదాకా ఇది నిపుణుల గొడవ. పాలక్కాడ్ రైతుకుగానీ తిరువనంతపురం గుమస్తాకుగానీ దీనితో పనిలేదు.

ఈ దశలోనే ఒక పొరపాటు జరిగింది. పర్యావరణ ప్రణాళిక కోసం కేంద్రం ఏర్పాటు చేసుకున్న జాతీయ కమిటీ 1976లో జాఫర్ ఫుతేహల్లీ నాయకత్వంలో ఒక కార్యబృందాన్ని నియమించింది. ప్రాజెక్టును మానుకోవడమే మంచిదని బృందం చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఒకవేళ తప్పనిసరైతే ఈ జాగ్రత్తలు తీసుకోండంటూ 17 షరతులు జోడించింది. రాష్ట్ర ప్రభుత్వం సలహాను పక్కనపెట్టి షరతులను పట్టుకుంది. అన్నీ పాటిస్తామని 1979లో శాసనసభలో చట్టమే చేసింది. వద్దని రాసిన నివేదికే ప్రాజెక్టుకు అనుమతి పత్రంలా మారింది. పాలకులకు సలహా రాసేవాళ్లు ఈ ఒక్క అధ్యాయం చదివినా చాలు.

విషయాన్ని జనంలోకి తీసుకెళ్లింది కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్. మలయాళంలో విజ్ఞానశాస్త్రం రాయడానికి 1962లో పుట్టిన సంస్థ ఇది. జంతువుల మీద ప్రేమతో పుట్టింది కాదు, ఆనకట్టలకూ ఫ్యాక్టరీలకూ వ్యతిరేకి అసలే కాదు. సభ్యుల్లో విద్యుత్ బోర్డు ఇంజినీర్లున్నారు, వామపక్షాల వాళ్లున్నారు. వామపక్ష పార్టీలూ కార్మిక సంఘాలూ ప్రాజెక్టు కావాలంటున్న రోజులవి. అందుకే వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎం.కె. ప్రసాద్ పరిషత్ పత్రిక ‘శాస్త్రగతి’లో ప్రాజెక్టును ప్రశ్నిస్తూ రాసినప్పుడు సంస్థ లోపలే పెద్ద వాదన నడిచింది. ఆ వాదనే మేలు చేసిందనిపిస్తుంది. సొంత మనుషులను ఒప్పించాలంటే కోతి ఒక్కటీ సరిపోదు, లెక్కలు కావాలి.

వృక్షశాస్త్రం, అణు ఇంజినీరింగ్, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, వ్యవసాయం, ఆర్థికశాస్త్రం తెలిసిన ఐదుగురు కూర్చుని ప్రాజెక్టును బోర్డు భాషలోనే పరీక్షించి, 1979లో నివేదిక వెలువరించారు. వాళ్ల లెక్క ఇదీ: ఇడుక్కి జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక కేరళలో కరెంటు మిగులుతోంది, పొరుగు రాష్ట్రాలకు అమ్ముతున్నారు. ఉత్తర కేరళలోని మలబారులో కొరత ఉందంటే ముందు లైన్లు బాగుచేయాలి, సరఫరాలో పోయే కరెంటును ఆపాలి. అవసరమైతే అక్కడ థర్మల్ కేంద్రం పెట్టవచ్చు. సైలెంట్ వ్యాలీ లేకపోతే మలబారు చీకట్లో ఉంటుందన్న మాట నిలవదని నివేదిక తేల్చింది. మనుషులు ముఖ్యమా, కోతులు ముఖ్యమా అని వెక్కిరించినవాళ్లకు అప్పటిదాకా సరైన జవాబు లేదు. ఇప్పుడు దొరికింది.

లెక్కలు బుర్రకు ఎక్కినా గుండెకు పట్టవు. ఆ పని కవులు చేశారు. సుగతకుమారి ముందు నడిచింది. ఆమె రాసిన ‘మరత్తిను స్తుతి’ అనే చెట్టు కవిత ఉద్యమ సభలకు ప్రార్థనాగీతమైంది. ఓఎన్‌వి కురుప్, అయ్యప్ప పణిక్కర్ వంటి వాళ్లు సభల్లో కవిత్వం చదివారు. ప్రాజెక్టు కావాలన్న వాళ్లు వీళ్లను చెట్టు కవులని ఎద్దేవా చేశారు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఊరేగింపులు తీశారు, పత్రికలకు ఉత్తరాలు రాశారు. అయినా రాష్ట్రంలో మెజారిటీ వీళ్లవైపు తిరిగిందని చెప్పలేం. ప్రధాన పార్టీలన్నీ చివరిదాకా ప్రాజెక్టు వైపే ఉన్నాయి.

ఢిల్లీలో గాలి మాటిమాటికీ మారింది. ప్రధాని మొరార్జీ దేశాయ్ అభ్యంతరాలను తోసిపుచ్చి పనులు మొదలుపెట్టమన్నాడు. కేంద్ర వ్యవసాయ కార్యదర్శి ఎం.ఎస్. స్వామినాథన్ మాత్రం చుట్టుపక్కల అడవులతో కలిపి సుమారు 390 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ఉంచాలని సూచించాడు. ఇటు కేరళ హైకోర్టు మొదట పనులు నిలిపి, ప్రాజెక్టును ఆపాలన్న పిటిషన్‌ను 1980 జనవరి మొదట్లో కొట్టేసింది. ప్రభుత్వం అన్నీ ఆలోచించి తీసుకున్న నిర్ణయాన్ని తాము మళ్లీ తూచలేమంది. అదే నెలలో ఇందిరా గాంధీ తిరిగి అధికారంలోకి వచ్చింది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీతో సహా ఎందరో ఆమెకు విన్నవించారు. అన్ని కోణాలూ తేలేదాకా పనులు ఆపమని ఆమె రాష్ట్రాన్ని కోరింది. తర్వాత ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన కేంద్ర, రాష్ట్ర ప్రతినిధులతో కమిటీ వేశారు. మాధవ్ గాడ్గిల్ అందులో సభ్యుడు. కమిటీ 1983లో నివేదిక ఇచ్చింది, ఆ ఏడాదే ప్రాజెక్టు రద్దయింది. ఇది ఇందిర వరమని కొందరు, ప్రజల విజయమని కొందరు రాస్తారు. ఆమెకు అడవుల మీద ఆసక్తి ఉన్న మాట నిజమే. కానీ కరెంటు అవసరం గురించి చేతిలో పరిషత్ లెక్కలు లేకపోతే రాష్ట్రం కోరికను కాదనడం ఏ ప్రధానికైనా కష్టమయ్యేది.

1984 నవంబరులో, ఇందిర హత్య జరిగిన కొద్దిరోజులకే, 89.52 చదరపు కిలోమీటర్ల లోయను జాతీయ పార్కుగా ప్రకటించారు. 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించాడు. మరుసటి ఏడాది అది నీలగిరి జీవావరణ రక్షిత ప్రాంతంలో భాగమైంది.

పరిషత్ ప్రచార పద్ధతులు కేరళ దాటి విస్తరించాయి. పాటలతో, వీధి నాటకాలతో సైన్సు చెప్పే కళాజాతా 1987 నాటి భారత్ జన విజ్ఞాన జాతాతో దేశమంతటా తిరిగింది. ఆ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది.

కుంతిపుళ మీద కరెంటు ఆశ మాత్రం పోలేదు. 2000 తర్వాత సైరంధ్రికి కొద్ది కిలోమీటర్ల దిగువన, పార్కు సరిహద్దుకు బయట, పాత్రక్కడవు పేరుతో విద్యుత్ బోర్డు కొత్త ప్రాజెక్టు ముందుకు తెచ్చింది. ముంపు చాలా తక్కువని ఈసారీ చెప్పారు. ఉద్యమం మళ్లీ మొదలైంది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం 148 చదరపు కిలోమీటర్ల అడవిని పార్కుకు బఫర్ జోన్‌గా చేర్చింది. ప్రాజెక్టు స్థలం ఆ జోన్‌లోకి వచ్చింది.