ముద్రణచిత్రం – విపణి – హక్కు: మెదక్ చిత్రకారుల వృత్తిజీవనం

కళాచరిత్రలు శైలీపరిణామాన్ని వివరించినంతగా చిత్రం కొనుగోలుదారుని చేరే మార్గాన్ని వివరించవు. సంగారెడ్డి కేంద్రంగా ఉండిన ఉమ్మడి మెదక్ జిల్లాకు చెందిన ఇద్దరు చిత్రకారుల ఆధారంగా ఆ మార్గాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) నకాశీ సంప్రదాయాన్ని స్వీకరించి పల్లెజీవనాన్ని చిత్రించారు. 1940లో నిజాంపూర్‌లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లోను, తరువాత బరోడాలోను శిక్షణ పొంది ఎచింగ్‌లో ప్రసిద్ధులయ్యారు. రాజయ్య పాఠశాలలో చిత్రలేఖనం బోధించారు. లక్ష్మాగౌడ్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. అంటే ఇద్దరికీ బోధన స్థిరమైన ఆధారాన్నిచ్చింది.

ఇదే కాలంలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిశాయి. పొలాలు పారిశ్రామికవాడలుగా మారుతున్న నేలలో, లక్ష్మాగౌడ్ రేఖల్లోని స్త్రీపురుషులు, మేకలు నగర ప్రదర్శనశాలలకు చేరడం గమనార్హం.

ఎచింగ్‌లో లోహపు పలకపై మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంతో ఆ గీతలను తొలిపిస్తారు. సిరా నింపిన పలక నుండి పరిమిత సంఖ్యలో ప్రతులు తీస్తారు. అడుగున 5/25 అని ఉంటే ఇరవై అయిదింటిలో అయిదవదని అర్థం. తైలవర్ణచిత్రం ఒక్కరికే దక్కుతుంది. ముద్రణచిత్రం తక్కువ ధరకు పలువురికి అందుతుంది, ఒకేసారి పలు నగరాల్లో ప్రదర్శితమవుతుంది. అయితే ఆ సంఖ్య కొనుగోలుదారునికి ఇచ్చిన మాట. దానిని మించి ఒక్క ప్రతి తీసినా విశ్వాసం, దానితోపాటు విలువ, సడలుతాయి.

ఇక చట్టం సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ 53ఎ సెక్షన్‌ను చేర్చింది. మూలచిత్రం పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడైతే, అందులో పదిశాతానికి మించని వాటాకు చిత్రకారుడు అర్హుడు. కాని ఆ సెక్షన్ కళాకృతుల్లో పేర్కొన్నవి వర్ణచిత్రం, శిల్పం, రేఖాచిత్రం మాత్రమే. అదే చట్టం తన నిర్వచనాల్లో కళాకృతిగా గుర్తించిన ఎచింగ్‌కు ఇక్కడ చోటు లేదు. మధ్యతరగతి ఇంటికి కళను చేర్చగల ప్రక్రియే పునర్విక్రయ హక్కుకు వెలుపల మిగిలిందన్నమాట.

కాబట్టి చిత్రకారుని వృత్తినిర్వహణను ప్రచారానికి పరిమితం చేయరాదు. ప్రతుల నమోదు, విక్రయపత్రం, పునర్విక్రయ వాటాపై ముందస్తు ఒప్పందం అందులో అంతర్భాగాలు కావాలి. ముద్రణచిత్రకారునికి చట్టం ఇవ్వని రక్షణను ప్రస్తుతానికి ఒప్పందమే ఇవ్వవలసి ఉంది.