పరీక్షకూ పరీక్షకూ మధ్య: విదేశాల్లో తెలుగు విద్యార్థి జీవితం

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• విదేశీ విద్యలో పరీక్షల మధ్య కాలం ఎలా గడిచిందో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఆ కాలాన్ని డబ్బు, నిబంధనలు ఎలా శాసించాయో విశ్లేషించగలుగుతారు.
• మీ ప్రాంతం నుండి ఇటువంటి చరిత్రకు ఆధారాలు సేకరించగలుగుతారు.

1. పరిచయం

విదేశీ చదువు గురించి మన ఊళ్ళలో రెండు వార్తలే గట్టిగా వినిపిస్తాయి. వీసా వచ్చిందన్నది ఒకటి, ఉద్యోగం దొరికిందన్నది రెండోది. ఈ రెంటికీ నడుమ గడిచిన నెలల గురించి అడిగేవారు తక్కువ. విద్యార్థి జీవితంలో ఎక్కువ భాగం మాత్రం ఆ నెలల్లోనే ఉంటుంది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. నల్లమల అంచున ఉన్న ఈ పడమటి భాగం వానను నమ్ముకున్న మెట్ట ప్రాంతం. ఇక్కడి పలకలపై ఎన్నో ఊళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దారు. జిల్లాకు పేరిచ్చిన వ్యక్తి కూడా ఒకప్పుడు విదేశీ విద్యార్థే. కాబట్టి ఆయనతోనే మొదలుపెడదాం.

2. లండన్‌లో భోజనాల చదువు

రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా పేరు తెచ్చుకున్న ప్రకాశం బారిస్టరు చదువు కోసం 1904లో ఇంగ్లండు వెళ్ళారు. రెండో తరగతి ప్లీడరుకు పై కోర్టులలో వాదించే అర్హత ఉండేది కాదు. ఆ అడ్డు తొలగించుకోవడానికే ఈ ప్రయాణం.

నాటి బారిస్టరు చదువు తీరు మీకు వింతగా తోచవచ్చు. ఏడాదికి నాలుగు టర్ముల చొప్పున పన్నెండు టర్ములు పూర్తిచేయాలి. టర్ము పూర్తయినట్టు లెక్క వేయడానికి తరగతి హాజరు చూడరు. న్యాయవాదుల సంఘపు భోజనశాలలో నిర్ణీత సంఖ్యలో విందులకు హాజరు కావాలి. పరీక్షలు వేరుగా ఉండేవి. 1888-91 మధ్య అక్కడ చదివిన గాంధీజీ తన ఆత్మకథలో ఈ పద్ధతిని వివరంగా వర్ణించారు. మాంసం, మద్యం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్ళిన యువకుడికి ఆ బల్ల దగ్గర కూర్చోవడమే ఒక పరీక్ష. ప్రకాశం కూడా తల్లికి అటువంటి మాటే ఇచ్చి ఓడ ఎక్కారు.

విందులూ పరీక్షలూ పోగా మిగిలిన కాలం విద్యార్థి సొంతం. దాదాభాయి నౌరోజీని పార్లమెంటుకు గెలిపించేందుకు జరిగిన ప్రయత్నంలో ప్రకాశం పాలుపంచుకున్నారు. 1913లో డబ్లిన్ చేరిన వి.వి. గిరి ఐర్లండు స్వాతంత్ర్యోద్యమ ప్రభావంలోకి వెళ్ళారు. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత దేశం విడిచి వెళ్ళాలన్న ఆదేశం ఆయనకు అందింది. వీరిద్దరికీ రాజకీయ పాఠాలు నేర్పింది పాఠ్యప్రణాళిక కాదు, ఖాళీ కాలం.

3. ఖాళీ కాలానికి ఖరీదు

ఆ ఖాళీ అందరికీ సమానంగా దొరకలేదు. అంబేద్కర్ బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం చేరి, 1915లో ఎం.ఏ. పొందారు. దొరికిన ప్రతి గంటనూ గ్రంథాలయానికే ఇచ్చారు. ఉపకార వేతనం గడువు ముగియడంతో లండన్ చదువును మధ్యలో వదిలి 1917లో తిరిగి రావలసి వచ్చింది. 1920లో మళ్ళీ వెళ్ళి దాన్ని పూర్తిచేశారు. అక్కడ కాలానికి హద్దు గీసినది ఆయన తెలివి కాదు, డబ్బు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ మరొకటి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం తోడుకాగా 1920ల మొదట్లో హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదవడానికి బోస్టన్ చేరారు. ఖర్చులకు చాలక అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. ఇక్కడ వైద్యం చదివిన మనిషి చేసిన పని అది. అదే విశ్వవిద్యాలయం నుండి 1930లో పిహెచ్.డి. అందుకున్నారు.

4. నేటి స్థితి

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. వారిలో దాదాపు 1.97 లక్షల మంది మాస్టర్స్, ఆపై చదువులవారు. నేడు వారి పరీక్షల మధ్య కాలాన్ని వీసా నిబంధనలు గంటల లెక్కన కొలుస్తాయి.

• అమెరికా: తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు; సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసా హోదాకే ముప్పు.
• జర్మనీ: 2024 మార్చి నుండి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 అర్ధ రోజులు.
• బ్రిటన్: డిగ్రీ విద్యార్థికి టర్ములో వారానికి 20 గంటలు. అయితే ఏడాది మాస్టర్స్‌లో వేసవి సెలవు కాదు, సిద్ధాంత వ్యాసం రాసే కాలం. ఇది తెలియక పూర్తికాలం పనిలో చేరితే నిబంధన ఉల్లంఘించినట్టే.

ఇప్పుడు మెట్ట ప్రాంతపు కుటుంబం వైపు చూడండి. విద్యా రుణం అసలు చదువు కాలంలోనూ, సాధారణంగా ఆ తరువాత ఏడాది వరకూ కట్టనక్కరలేదు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుండే పెరుగుతుంది. పెద్ద రుణమైతే పొలమో ఇల్లో తాకట్టు పడుతుంది. సెలవుల్లో బల్లలు తుడిచే కుర్రవాడి మనసులో ఆ వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది. నిబంధన దాటి పనిచేయమని అతన్ని తొందరపెట్టేది ఆశ ఒక్కటే అనుకుంటే పొరపాటు, అప్పు కూడా. దాటితే చదువూ పోతుంది, అప్పూ మిగులుతుంది. సుబ్బారావు రాత్రి పనికీ ఈ పనికీ పోలిక ఉంది. కాని నేటి విద్యార్థి వెనుక ధర్మసంస్థకు బదులు బ్యాంకు ఉంది.

5. ఆధారాల సమస్య

ప్రకాశం, గాంధీజీ ఆత్మకథలు రాశారు కనుక వారి ఖాళీ కాలం మనకు తెలుసు. నేటి విద్యార్థి ఇంటికి ఉత్తరం రాయడు; ఫోనులో మాట్లాడతాడు. ఆ మాటల్లోనూ కష్టం దాచి, భోంచేశానని మాత్రమే చెబుతాడు. మీ వీధిలో అలా వెళ్ళివచ్చినవారు ఉంటే, వారి అనుమతితో, పేరు రాయకుండా, ఒక సెలవు కాలపు దినచర్యను నమోదు చేయండి. జీతపు చీటీ, అద్దె రసీదు, బ్యాంకు పాసుపుస్తకం కూడా చరిత్రకు ఆధారాలే.

6. సారాంశం

పరీక్షల మధ్య కాలం ఒకరికి రాజకీయ పాఠశాల, ఒకరికి గ్రంథాలయం, మరొకరికి కూలి పని అయింది. ఏది అవుతుందో నిర్ణయించినవి ప్రధానంగా రెండు: చదువుకు డబ్బు ఎవరు పెట్టారు, ఆ దేశపు నిబంధన ఏమి అనుమతించింది. మార్కులు చూసి విద్యార్థిని అంచనా వేసే ముందు ఈ రెండు ప్రశ్నలు అడగండి.

నమూనా ప్రశ్నలు

1. బారిస్టరు చదువులో టర్ము పద్ధతిని వివరించండి.
2. అంబేద్కర్, సుబ్బారావుల విద్యార్థి జీవితాల్లో డబ్బు పాత్రను పోల్చండి.
3. విద్యా రుణం విద్యార్థి సెలవు కాలాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది? మీ ప్రాంతపు పరిస్థితుల నేపథ్యంలో చర్చించండి.