పల్నాటి యూరుగాయ

అటుకమీద వాసెన గట్టియుండు ఊరుగాయ జాడికిని చరిత్రము కలదనిన కొందఱు నవ్వవచ్చును. రాజుల యుద్ధములను మాత్రమే చరిత్రమని చదివి వంటయింటిని మఱచుట మనకలవాటైనది. కాని యొక సీమప్రజలు ఎండలకును కఱవులకును ఎట్లు నిలిచిరో చెప్పుటకు కోటగోడలకంటె జాడియే మంచి సాక్షి.

పల్నాడు ప్రధానముగా మెట్టసీమ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదిని శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలువఱకు గురజాల, మాచర్ల ప్రాంతముల పెక్కు గ్రామములకు వానయే దిక్కు, జొన్నయే ముఖ్యాహారము. వేసవిలో పచ్చికూర యరుదు. కావున కాపుకాలమున దొరకినదానిని దాచుకొనుట జిహ్వచాపల్యము కాదు, బ్రదుకుతెరువు. శీతకాలమున చింతకాయ, ఉసిరిక, పిమ్మట పండుమిరప, ఎండలు ముదిరిన పిదప మామిడి. ఇట్లు ఋతువు వెంట ఋతువుగా స్త్రీలు జాడీలు నింపుచు వచ్చిరి.

మిరప లేని యూరుగాయను నేటి పల్నాటివా రూహింపజాలరు. అయినను మిరప మన దేశపు మొక్క కాదు. అమెరికాఖండమున పుట్టిన దానిని 1498 తరువాత పోర్చుగీసువారు మన రేవులకు దెచ్చిరి. పల్నాటి యుద్ధము 12వ శతాబ్దమున జరిగినది. ఆ వీరకథను ద్విపదగా జెప్పిన శ్రీనాథుడు 15వ శతాబ్దమువాడు. కాబట్టి బ్రహ్మనాయుడును, నాగమ్మయు, శ్రీనాథుడును మిరపకారము నెఱుగరు. మిరియము, ఆవ, అల్లము, ఇవియే నాటి కారములు. అనాదియని మన మనుకొను ఆవకాయలోని యెఱుపు నిన్న మొన్నటిది.

ఊరుగాయ నిలుచుటకు కారణము స్పష్టము. ఉప్పు కాయలోని నీటిని లాగివేయును. పులుపు సూక్ష్మజీవులను పెరుగనీయదు. పైన తేలు నూనె గాలిని అడ్డును. ఫ్రాన్సుదేశమున అప్పేరు అనునతడు ఆహారమును సీసాలలో మూసి కాచి నిలువచేయు పద్ధతిని 1810లో ప్రకటించెను. అది యేల నిలుచునో అతనికి తెలియదు. 1860 ప్రాంతముల పాశ్చరు పరిశోధనలచే లోకమునకు దెలిసినది. మన యవ్వలును అట్లే శాస్త్రమునకు ముందే అనుభవముచే ఫలమును సాధించిరి. ఉప్పుపై పన్ను వేసిన ప్రభుత్వము పేదయింటి జాడిపైనే పన్ను వేసినట్లయ్యెను. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహము వంటయింటికిని సంబంధించినదని యిందువలన తెలియును.

ఇక మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. తడిచేయి తగిలిన జాడి బూజుపట్టును, ఇది నిజము. ఈ నిజము చాటున ముట్టైన స్త్రీ తాకరాదని, ఫలానా కులమువాడు తాకరాదని నిషేధములు పెరిగినవి. తడికి కులము లేదు; బూజునకు మడి తెలియదు. పొడిగరిటెయు శుభ్రమైన చేయియు నున్న చాలును. మాలవాడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా జేకొనెననియు, అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెననియు వీరగాథ చెప్పును. ఆ గాథను గర్వముతో చెప్పుకొను సీమలో జాడియొద్ద కుల మడుగుట తగునా?

సముద్రములు దాటివచ్చిన మిరపను జాడిలోనికి రానిచ్చి, పొరుగువీధి మనుష్యుని గడపకవతల నిలుపుట ఆచారము కాదు, అన్యాయము. చదువుకొన్న గృహిణులు పెద్దలనుండి పాళ్లను నేర్చుకొనుడు. నిషేధములను మాత్రము విడిచిపెట్టుడు.