ఒంటివేడి, అంకె, తల్లిమాట: పసిపిల్లల జ్వర పరిశీలన చరిత్రలో ఒక పరిశోధనావసరం

జ్వరాన్ని అంకెలో చెప్పడం వైద్యచరిత్రలో ఇటీవలి అలవాటు. లైప్జిగ్ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ సుమారు 25,000 మంది రోగుల ఉష్ణోగ్రతలను పరిశీలించి 1868లో వెలువరించిన గ్రంథంతో 37 డిగ్రీల సెల్సియస్ ఆరోగ్యానికి ప్రమాణంగా స్థిరపడింది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో క్లిఫర్డ్ ఆల్బట్ ఆరంగుళాల పొడవుతో, ఐదు నిమిషాలలో కొలత చూపే థర్మామీటరును రూపొందించాడు. ఆసుపత్రి పరికరం క్రమంగా ఇంటికి చేరింది. తల్లి అరచేతికి ఉన్న ప్రామాణ్యం ఆ మేరకు తగ్గింది.

అంకెతోపాటు భయమూ ఇంటికి వచ్చింది. జ్వరం ఎంత పెరిగితే ప్రమాదం అంత ఎక్కువన్న తల్లిదండ్రుల నమ్మకాన్ని 1980లో అమెరికా శిశువైద్యుడు బార్టన్ ష్మిట్ ‘జ్వరభీతి’ అనే అర్థమిచ్చే పేరుతో చర్చకు తెచ్చాడు. వేడిని తగ్గించాలన్న ఆత్రుతకు చెల్లించిన మూల్యమూ ఉంది. ఆస్ట్రేలియాలో డగ్లస్ రై 1963లో వర్ణించిన, మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే వ్యాధికి పిల్లలకిచ్చే ఆస్పిరిన్‌తో సంబంధం ఉందని తరువాతి అధ్యయనాలు సూచించాయి. 1986 నాటికి అమెరికాలో ఆ మందుపై హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి అయింది.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ అయిదేళ్ళలోపు పిల్లల జ్వరంపై 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ దృష్టిని చాలావరకు మార్చాయి. శరీరచ్ఛాయ, స్పందన, శ్వాస వంటి లక్షణాలను ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వర్గాలుగా విభజించాయి. ఆరు నెలలు దాటిన పిల్లలలో ఉష్ణోగ్రత ఎంత ఉందన్నదొక్కటే చూసి వ్యాధి తీవ్రతను నిర్ణయించరాదన్నాయి. బిడ్డకు జ్వరం ఉందని తల్లిదండ్రులు చెబితే ఆ మాటను తీవ్రంగా పరిగణించాలన్నాయి. అయితే బిడ్డను చూడకుండా, ఫోనులో విన్న మాటలను బట్టి ప్రమాదాన్ని ఎంతవరకు గుర్తించవచ్చునన్నది అక్కడ కూడా పరిశోధించవలసిన అంశంగానే మిగిలింది.

ఈ ప్రశ్న తెలుగు పరిశోధకులకూ చెందుతుంది. ‘ఒళ్ళు పేలిపోతోంది’ అన్న తల్లి చెప్పేది వేడి. ‘మూసిన కన్ను తెరవడం లేదు’ అన్న తల్లి చెప్పేది స్పందన లోపించడం. అది నైస్ ఎరుపు వర్గానికి దగ్గరగా వచ్చే లక్షణం. ఫోను ఎత్తినవారు రెండింటినీ ‘ఎక్కువ జ్వరం’ అని రాసుకుంటే రెండవ బిడ్డకు అపాయం. ‘లోజ్వరం’ అన్న మాటను అపోహగా కొట్టివేయడం తేలిక. కాని నవజాత శిశువులలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఉష్ణోగ్రత మామూలుగా, ఒక్కొక్కప్పుడు తక్కువగా ఉండవచ్చు. ఆ మాట వెనుక తల్లి గమనించినదేమిటో అడగనిదే తెలియదు. ‘నలతగా ఉంది’, ‘డీలాపడింది’, ‘పాలు పట్టడం లేదు’ వంటి మాటలను ప్రాంతాలవారీగా, వాడిన సందర్భంతో సహా సేకరించాలి. ఆ పిల్లలకు తరువాత జరిగిన వైద్య నిర్ధారణతో వాటిని పోల్చాలి. మాండలిక పరిశోధకుడు, శిశువైద్యుడు కలిసి కూర్చుంటే తప్ప ఇది సాధ్యం కాదు.