నాలుగో అంకె

ఫ్యాను ఆగిపోయింది. మూలన యూపీఎస్ కీచుకీచుమంటోంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురు చొప్పున ఇరుక్కుని ఉన్నారు. మౌస్ ఎవరి చేతికి చిక్కితే రాజ్యం వాళ్ళది. మీరు లెక్కల టీచర్. కంప్యూటర్ పీరియడ్ కూడా మీ నెత్తినే పడింది. ఇప్పుడేం చేస్తారు? కరెంటు కోసం చూస్తూ కూర్చుంటే పీరియడ్ కాస్తా అయిపోతుంది.

"అన్నీ షట్‌డౌన్ చెయ్యండి. ఇటు తిరగండి."

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వెబ్ అడ్రసులు రాస్తారు. మొదటిది: స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. రెండోది: గవ్ డాట్ ఇన్ డాట్ స్కాలర్‌షిప్ హైఫన్ క్లెయిమ్ డాట్ ఎక్స్‌వైజడ్.

"ఏది గవర్నమెంటుది?"

ఎక్కువ చేతులు రెండోదానికే లేస్తాయి. గవ్ డాట్ ఇన్ ముందే కనబడుతోంది మరి! ఒక అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలుస్తారు. మొదట్లో వచ్చే రెండు స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే స్లాష్ దగ్గర వేలు పెట్టమంటారు. అదీ లేకపోతే అడ్రసు చివర. అక్కణ్ణుంచి వెనక్కి చదవాలి. ఉత్తరం మీద ఊరి పేరు చివర రాసినట్టే, వెబ్ అడ్రసులో కూడా అసలు సంగతి చివరే ఉంటుంది. వాడి వేలు ఎక్స్‌వైజడ్ మీద ఆగుతుంది.

"ముందు ఏం రాస్తే ఏంటి టీచర్, ఇది వేరే వాళ్ళది!"

అంతలో గుమ్మంలో నీడ. రెండో బెంచీ అమ్మాయి వాళ్ళమ్మ. పత్తి చేలోంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకి దూది అంటుకుని ఉంది. చేతిలో ఫోన్, స్పీకర్ ఆన్‌లో ఉంది.

"టీచర్, మా పాపకి స్కాలర్‌షిప్ వచ్చిందంట! పన్నెండు వేలు! లింకు నొక్కాను, ఏవో అంకెలు కొట్టమంటున్నాడు."

ఫోన్లోంచి మగ గొంతు. "పిన్ కొట్టండమ్మా. రెండు నిమిషాల్లో టైమైపోతుంది."

ఆమె బొటనవేలు తెర మీదే ఉంది. మీరు రెండడుగుల దూరంలో ఉన్నారు. లాక్కుంటారా? లాక్కుంటే ఈ పూటకి గండం గడుస్తుంది. రేపు రాత్రి ఇంటికి ఇంకో ఫోన్ వస్తే? అక్కడ మీరుండరు. కూతురుంటుంది.

"తల్లీ, వెళ్ళు. తెర మీద ఏముందో చదువు. గట్టిగా."

అమ్మాయి బెంచీ దాటి పరుగెడుతుంది.

ఒక అంకె పడింది.

"పైన... ఎవరిదో మనిషి పేరుంది టీచర్."

రెండు.

"కింద నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది."

"కొట్టండమ్మా, కొట్టండి!"

మూడు. మీ చెయ్యి ఫోన్ వైపు లేస్తుంది.

"పే అని ఉంది. పే అంటే కట్టడం. అమ్మా, ఆగు!"

వేలు ఆగుతుంది.

"కట్ చెయ్యి."

గొంతు పోయింది. మీకు అప్పుడు గాని ఊపిరాడదు.

డబ్బు మన ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోవడానికే. ఈ మాట మీరు చెప్పేలోపే ముందు బెంచీ అందుకుంటుంది. "అసలు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఫలితాలే రాలేదు కదా!" "ఏడాదికి పన్నెండు వేలు ఇచ్చేది తొమ్మిదో తరగతి నుంచి కదా!" నిజమే. ఈ పరీక్ష రాసిన పిల్లలకి అవన్నీ తెలుసు. కానీ ఆ లింకు వచ్చింది వాళ్ళమ్మానాన్నల ఫోన్లకి.

"ఎక్కడిది ఈ లింకు?"

"మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు టీచర్."

అమ్మాయి గ్రూపు తెరుస్తుంది. లింకు కింద ఎవరో రాశారు: నేను పొద్దున్నే కొట్టాను, ఇంకా పడలేదు.

గది చల్లబడిపోతుంది. ఆయన డబ్బు పోయింది. ఆ సంగతి ఆయనకింకా తెలీదు.

వెంటనే ఆయన నంబరుకి ఫోన్ చేస్తారు. "1930కి చెయ్యండి. ఇప్పుడే. బ్యాంకు మెసేజ్ చేతిలో పెట్టుకోండి, లావాదేవీ నంబరు అడుగుతారు." సైబర్ మోసాలకి దేశమంతటికీ అదే హెల్ప్‌లైన్. కొట్టేసిన డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దూకుతూ పోతుంది. ఎవరో ఒకరు దాన్ని బయటికి తీసేలోపు బ్యాంకుకి కబురందితే ఆపే వీలుంటుంది. ఎంత త్వరగా చెబితే అంత ఆశ.

మిగతా వాళ్ళ మాటేంటి? గ్రూపులో హెచ్చరిక పెట్టాలి. మీరే పెట్టొచ్చు. ఫోన్ ఆ అమ్మాయికే ఇస్తారు. చుట్టూ ముగ్గురు మూగుతారు.

"టీచర్, ఆ లింకునీ నమ్మారు కదా. మా మాట మాత్రం ఎందుకు నమ్మాలి?"

మీరు ఒక్క క్షణం తడుముకుంటారు. "నమ్మమని రాయకండి. ఎక్కడ చూసుకోవాలో రాయండి."

వాళ్ళు టైపు చేస్తారు: ఆ లింకు నొక్కొద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఇప్పటికే కొట్టినవాళ్ళు 1930కి ఫోన్ చెయ్యండి. స్కాలర్‌షిప్ వివరాలు కావాలంటే ఈ అడ్రసు మీరే టైపు చేసి చూసుకోండి. దాని కింద బోర్డు మీది మొదటి అడ్రసు కొడతారు.

"పంపేయనా టీచర్?"

"ముందు ఇంకోసారి చదవండి."

నాలుగు తలలు వంగుతాయి. కుడి చివరి నుంచి వెనక్కి, ఒక్కో అక్షరం. "ఏయ్, గవ్ తర్వాత డాట్ పెట్టలేదు!"

పెడతారు. పంపుతారు.